మాట లేని కథలు, ఏడు తీగల మీద



ఈవేళ గిటారుతో మొదలుపెట్టి బొబ్బిలి దాకా వస్తాను. కొంచెం చుట్టుదారే గానీ, దారిలో ఆగి చూడదగ్గవి ఉన్నాయి.

1990లో అమెరికాలో స్టీవ్ వై అనే గిటారిస్టు 'ప్యాషన్ అండ్ వార్‌ఫేర్' అని ఒక ఆల్బం విడుదల చేశాడు. రాక్ సంగీతం. డ్రమ్స్ ఉంటాయి, బేస్ గిటారు ఉంటుంది, కీబోర్డు ఉంటుంది. పాడే మనిషి మాత్రం ఉండడు. అక్కడక్కడ ఎవరో రెండు ముక్కలు మాట్లాడతారు, అంతే. కుర్రతనంలో తనకు వచ్చిన కలల్ని వరసగా గిటారు మీద చెప్పాలని ఆయన పూనుకున్నాడు. అందులో ఆరు నిమిషాల ముక్క ఒకటుంది, 'ఫర్ ద లవ్ ఆఫ్ గాడ్' అని. పది రోజుల ఉపవాసం పట్టి, నాలుగో రోజున దాన్ని రికార్డు చేశానని ఆయనే చెప్పుకున్నాడు. వింటుంటే మన పాతకాలం వైణికుల గురించి చెప్పుకునే కథలా లేదూ?

ఈ స్టీవ్ వైకి చిన్నప్పుడు గిటారు నేర్పినాయన జో సాట్రియాని. ఆయనా ఇదే బాట మనిషి. 1987లో ఆయన చేసిన 'సర్ఫింగ్ విత్ ద ఏలియన్' కూడా గొంతు లేని గిటారు ఆల్బమే. గురువు వేసిన బాటలో శిష్యుడు నడిచి, ఇంకొంచెం ముందుకు వెళ్ళాడు. ఇలాంటి గురుశిష్యుల జంట మనకూ ఒకటుంది. వాళ్ళ దగ్గరికే వస్తున్నాను.

ఇలాంటి ఆల్బం పుట్టడానికి ఒక యంత్రం కూడా కారణం. పాత గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. మూడు నిమిషాల్లో పాట పడుతుంది, కథ పట్టదు. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన చోటు దొరికింది. విడివిడి పాటలు గుదిగుచ్చడం మాని, మొదలూ నడకా ముగింపూ ఉన్న ఒకే రచనగా రికార్డును కట్టవచ్చుననే ఆలోచన సంగీతకారులకు అప్పుడొచ్చింది. దాన్నే కాన్సెప్ట్ ఆల్బం అంటున్నారు. 1973లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ అనే ఇరవయ్యేళ్ళ ఇంగ్లీషు కుర్రాడు 'ట్యూబులర్ బెల్స్' పేరిట రెండు వైపులకీ కలిపి రెండే రెండు పెద్ద రచనలు చేసి, అందులోని వాయిద్యాలు చాలామట్టుకు తానే వాయించాడు. వర్జిన్ కంపెనీ విడుదల చేసిన మొట్టమొదటి ఆల్బం అదే. 

సరే, ఇదంతా వాళ్ళ గొడవ. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పెళ్ళిలో బ్యాండు మేళం ఆగి ఒక ట్యూను ఎత్తుకుంటే పందిట్లో వాళ్ళు మొట్టమొదట అడిగేది ఏమిటి? "ఏ పాట్రా వాయిస్తన్నాడు?" పాట దొరికేదాకా మనసు కుదుటపడదు. దొరికాక లోపల్లోపల మాటలు కలుపుకుంటూ వింటాం. సన్నాయి మీద సినిమా పాట వినపడితే పాడుతున్నది మన జ్ఞాపకమే. సన్నాయి గుర్తు చేసి ఊరుకుంటుంది.

శాస్త్రీయ సంగీతంలోనూ ఇంతే. కచేరీలో వీణ మీద త్యాగరాజ కృతి వాయిస్తుంటే వైణికుడి వేలు సాహిత్యాన్ని అనుసరించే మీటుతుంది. ఎక్కడ అక్షరం పడుతుందో అక్కడ మీటు పడాలి. మాటను విరిచి మీటితే పెద్దలు ముఖం చిట్లిస్తారు. వీణ చేత పాడించాడు అనేది మన దగ్గర వైణికుడికి దక్కే పెద్ద మెప్పు. అంటే వాద్యం గొప్పతనాన్ని కూడా గాత్రంతోనే కొలుస్తున్నామన్నమాట. ఆలాపన లేదా, తానం లేదా అని సంగీతం తెలిసిన శ్రోతలు అడగవచ్చు. ఉన్నాయి, వాటిలో మాటా లేదు. వీణ మీద తానం వినని చెవి చెవే కాదంటాను నేను. అయితే ఆలాపన రాగం గురించి చెబుతుంది. కల్యాణి ఎలా ఉంటుందో చెబుతుంది. ఒక కొండ ఎక్కడం ఎలా ఉంటుందో, చిటారు కొమ్మన పిట్ట ఎలా కూస్తుందో చెప్పడం దాని పని కాదు.

ఆ పని నెత్తిన వేసుకున్న వాళ్ళ గురించి చెప్పే ముందు విజయనగరంలో ఒక్క నిమిషం ఆగాలి. 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు ఆచార్యులుగా చేరేనాటికి ఆయనకు పాతికేళ్ళు దాటాయి, అంతే. చూపు సరిగ్గా ఆనని మనిషి. 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. దక్షిణాదిలో అప్పటికి ఫిడేలు పక్కవాద్యం. పాటకుడు ముందు, ఫిడేలు వెనక. ఆ ఫిడేలును కచేరీకి నాయకస్థానంలో కూర్చోబెట్టిన తొలితరం మనిషి ఆయన. 1938లో వేలూరులో ఆయన చేసిన సోలో కచేరీని ఇప్పటికీ చెప్పుకుంటారు. పాటకుడు లేకుండా మూడు గంటలు జనాన్ని కూర్చోబెట్టవచ్చని ఆయన చూపించారు. ఆయన వాయించినవీ కృతులే, వినేవారి మనసులో సాహిత్యం నడుస్తూనే ఉంది. అయినా వేదిక మీంచి గొంతు దిగిపోవడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఆ గురుశిష్యులు.

గురువు ఈమని శంకరశాస్త్రి. 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారు వైణికులే. శంకరశాస్త్రి గారు మద్రాసు వెళ్ళి జెమినీ స్టూడియోలో సంగీత విభాగంలో చేరారు. అక్కడ ఆయన పనిచేసింది ఎవరి దగ్గరో తెలుసునా? మన సాలూరి రాజేశ్వరరావు గారి దగ్గర. సాలూరు పక్కన శివరామపురం నుంచి వెళ్ళిన మనిషి. 1948లో 'చంద్రలేఖ'కు సంగీతం చేసినాయన. ఆ సినిమాలో ఢంకాల మీద నాట్యం చూసినవారు ఇప్పటికీ దాని గురించే చెబుతారు.

సినిమా స్టూడియో వైణికుడికి ఏం నేర్పిందని కొందరికి అనుమానం రావచ్చు. చాలా నేర్పిందని నా నమ్మకం. నేపథ్య సంగీతం వాయించేటప్పుడు సాహిత్యం ఉండదు. తెర మీద గుర్రం పరుగెడుతుంది, వాన పడుతుంది, తల్లి బిడ్డ కోసం వెతుకుతుంది. అర నిమిషంలో ఆ భావం తీగ మీద పలకాలి. కచేరీ వేదిక మీద పది జన్మలెత్తినా వైణికుడికి ఆ కసరత్తు దొరకదు. తర్వాత శంకరశాస్త్రి గారు ఆకాశవాణిలో చేరి, మద్రాసులోనూ ఢిల్లీలోనూ పనిచేశారు. ఢిల్లీలో వాద్యబృందానికి రచనలు చేసి నడిపించారు. సితారు, వీణ, ఫిడేలు, వేణువు, తబలా, మృదంగం అన్నీ కలిసి, పాట లేకుండా, ఒక పేరున్న రచన వాయించడం ఆకాశవాణి ఈ దేశానికి అలవాటు చేసిన సంగతి. రేడియోలో కూర్చుని రేడియోను పొగుడుతున్నాననుకోకండి. పాత శ్రోతలకు ఆ వాద్యబృందం కార్యక్రమాలు గుర్తుండే ఉంటాయి.

శంకరశాస్త్రి గారి రచనల్లో 'ఆదర్శ శిఖరారోహణం' అని ఒకటుంది. పేరులోనే శిఖరం ఎక్కడం ఉంది. ఇలాంటి రచన వినడానికి రాగలక్షణం తెలియనక్కరలేదు, పల్లవి ఏదో అనుపల్లవి ఏదో పట్టుకోనక్కరలేదు. పేరు ఒక్కటి చెవిలో వేసుకుంటే చాలు, తక్కినది వీణ చూసుకుంటుంది. సంప్రదాయం ఎరిగిన వైణికుడే, నిష్ఠగా కృతులు వాయించిన మనిషే, ఇలాంటి రచన చెయ్యడం ఆ రోజుల్లో సాహసం. ఆయనకు 1974లో పద్మశ్రీ వచ్చింది. 1987లో కాలం చేశారు.

శిష్యుడు చిట్టిబాబు. 1936లో కాకినాడలో పుట్టిన చల్లపల్లి చిట్టిబాబు. అయిదేళ్ళకే వీణ పట్టాడు. మద్రాసు చేరి, శంకరశాస్త్రి గారి దగ్గర శిష్యరికం చేశాడు. గురువు లాగానే సినిమా స్టూడియోల్లో వాయించాడు. 1964లో తమిళంలో శ్రీధర్ తీసిన 'కలైకోవిల్' సినిమాలో కథానాయకుడు వైణికుడు. తెర వెనక ఆ వీణంతా చిట్టిబాబుదే. తర్వాత సినిమా పని తగ్గించి కచేరీల మీద పడ్డాడు. త్యాగరాజును వాయించాడు, దీక్షితారును వాయించాడు, వాటితోపాటు 'కొమ్మలో కోయిల' వాయించాడు. అది వాయించకుండా ఆయన్ని జనం ఇంటికి వెళ్ళనిచ్చేవారు కారు.

'కొమ్మలో కోయిల' విన్నవారికి నేను చెప్పేదేమీ లేదు. విననివారి కోసం చెబుతాను. కోయిల కూత ఒక స్వరం మీద నిలబడేది కాదు. కింద మొదలై పైకి సాగుతుంది, మళ్ళీ కూసినప్పుడు ఇంకాస్త పైనుంచి ఎత్తుకుంటుంది. వేణువు మీద దాన్ని తేవడం సులువు, ఊపిరి ఉంది కాబట్టి. వీణ మీద మీటిన క్షణం నుంచే నాదం తగ్గిపోతూ ఉంటుంది. ఆ తగ్గిపోయే నాదం లోపలే తీగను మెట్టు మీద పక్కకు లాగి కూతను పైకి ఎక్కించాలి. ఆలస్యమైతే కోయిల గొంతు పూడుకుపోతుంది. ఆయన వేళ్ళకు ఆ సమయం తెలుసు. మాట ఒక్కటీ లేదు, వినేవాడి మనసులో కలుపుకోవడానికి ముందే తెలిసిన పాటా లేదు. అయినా ఊళ్ళో సంగీతం రాని అవ్వ కూడా ఇది కోయిల అని చెప్పగలదు.

ఇదే మనిషి 'శివలీలా విలాసం', 'రాధామాధవం', 'వెడ్డింగ్ బెల్స్' లాంటి రచనలు చేశాడు. 'మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజీషియన్' పేరుతో వీణ కేంద్రంగా సొంత రచనల ఆల్బం చేశాడు. పేరు చూడండి, ఒక సంగీతకారుడు తనలో తాను అనుకున్నవి అని అర్థం. వాద్యంలో ఆరితేరినవాడు, సొంత ఊహలు, గొంతు లేదు, పేరున్న ఒక ఆల్బం. స్టీవ్ వై కలల ఆల్బంకు ఎన్నో ఏళ్ళ ముందే మన తెలుగువాడు ఈ పని చేసి పెట్టాడు. దాన్ని మనం కాన్సెప్ట్ ఆల్బం అనలేదు. సంప్రదాయవాదులు దాన్ని గిమ్మిక్కు అన్నారు, తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టారు. 1996 ఫిబ్రవరి 9న చెన్నైలో చిట్టిబాబు కన్నుమూశాడు.

గిమ్మిక్కు అన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. గుర్రపు డెక్కల చప్పుడు, గుడి గంటల మోత వీణ మీద తేవడంలో అనుకరణ పాలు ఎక్కువ. మొదటిసారి ఆశ్చర్యం, రెండోసారి నవ్వు, మూడోసారి ఇంకేముంది అనిపిస్తుంది. అమెరికా గిటారు ఆల్బాల్లోనూ ఇదే జబ్బు మరో రూపంలో ఉంది. వాళ్ళది వేగం. సెకనుకు ఎన్ని స్వరాలు కుమ్మరించాడన్నదే లెక్కగా గిటారు కుర్రాళ్ళు ఒకరినొకరు చూసి వాయించిన రికార్డులు కొల్లలు. స్టీవ్ వై ఆల్బంలో కూడా నాకు నిలిచినవి ఆ వేగపు ముక్కలు కావు. ఒక్క స్వరాన్ని పట్టుకుని ఏడిపించిన చోట్లే నిలిచాయి. కోయిల కూడా అందుకే నిలిచింది. అందులో పిట్ట ఉంది, పిట్టను వింటున్న మనిషి కూడా ఉన్నాడు.

ఇక పనిముట్టు సంగతి. ఇక్కడే మన జిల్లాల పేరు వస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ముదిరిన పనస దుంగ తెచ్చి, కుండ, దండి, యాళి తల అన్నీ ఆ ఒక్క దుంగలోంచే తొలుస్తారు. అతుకు లేని ఆ వీణను ఏకాండి వీణ అంటారు. తొలిచిన కర్ర మీద మైనం పరిచి, ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు బిగించి, మేళం కడతారు. మెట్టు వెంట్రుకవాసి పక్కకు జరిగినా స్వరం తప్పుతుంది. అందుకే మేళం కట్టేవాడి చెవి వైణికుడి చెవికి తీసిపోకూడదు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అతిథులకు బహూకరించే చిన్న చిన్న బొమ్మ వీణలకు ఇప్పుడు గిరాకీ బాగానే ఉంది. మోగే వీణ కొనేవాళ్ళు తక్కువ.

వీణకూ గిటారుకూ దూరపు చుట్టరికం ఉందని చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. రెండింటికీ మెట్లున్నాయి. రెండింటి మీదా తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకువెళతారు. వాళ్ళు బెండింగ్ అంటారు, మన గమకంలో అది ఒక భాగం. వీణ మీద ఒక్క మెట్టు దగ్గరే రెండు మూడు స్వరాలు పైకి లాగవచ్చు. గిటారువాడు లాగడంతో తృప్తి పడక, తీగల బిగువు ఒక్కసారిగా వదిలి మళ్ళీ బిగించే ఇనప కడ్డీ ఒకటి వంతెన దగ్గర పెట్టుకున్నాడు. తీగల లెక్క కూడా వింతే. గిటారుకు ఆరు తీగలైతే స్టీవ్ వై చాలక ఏడో తీగ కట్టించుకున్నాడు. వీణకు మొదటి నుంచీ ఏడే, నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. తేడా అల్లా కరెంటులో ఉంది. ఎలక్ట్రిక్ గిటారు మీద ఒక స్వరాన్ని ఆంప్లిఫయరు సాయంతో ఎంతసేపైనా సాగదీయవచ్చు. వీణకు ఆ సౌకర్యం లేదు. ఉన్న కాస్త నాదంలోనే చెప్పవలసింది చెప్పాలి.

ఈ రెంటికీ మధ్య ఒక తెలుగు కుర్రాడు వంతెన కట్టాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండొలిన్ శ్రీనివాస్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడితే ఈయన వాయించుకుని నేర్చుకున్నాడు. అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక గమకం పలికించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించినప్పుడు ఆయనకు పద్నాలుగేళ్ళు. 1995లో మైకేల్ బ్రూక్ అనే గిటారిస్టుతో కలిసి 'డ్రీమ్' అని ఆల్బం చేశాడు. మళ్ళీ కలే. తీగ వాద్యగాళ్ళకూ కలలకూ ఏదో లంకె ఉన్నట్టుంది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మన సంగతి. శ్రీకాకుళంలో, విజయనగరంలో, పార్వతీపురంలో ఇంజనీరింగు కాలేజీల్లో చదివే కుర్రాళ్ళు ఎందరో గిటారు కొనుక్కుంటున్నారు. ఇంటర్నెట్‌లో చూసి వేళ్ళు తిప్పడం నేర్చుకుంటున్నారు. వాయించేవి సినిమా పాటలో, అమెరికా వాళ్ళ ముక్కలో. వాళ్ళకు నేనొక మాట చెప్పాలి. జముకుల కథ మీ ఊళ్ళల్లో ఎప్పుడైనా విన్నారా? జముకు అంటే చర్మం మూసిన డొల్ల, అందులోంచి లాగిన ఒక్క నరం. ఆ ఒక్క నరాన్ని బిగించి, సడలించి, స్వరం పైకీ కిందకీ పంపుతూ రాత్రంతా కథ నడిపిస్తారు. కథ చెప్పేది గొంతే అయినా, భయం వచ్చినచోట, ఏడుపు వచ్చినచోట ముందు పలికేది జముకే. తీగను లాగి మనసును లాగడం ఈ నేల మీద కొత్త విద్య కాదు.

మీరూ ఇలా మాట లేని ఆల్బం చెయ్యాలనుకుంటే బొబ్బిలి యుద్ధం జోలికి మాత్రం వెళ్ళొద్దు. 1757 జనవరి 24 నాటి ఆ కథను బుర్రకథలో, నాటకంలో, సినిమాలో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. మీ గిటారు నోరు తెరవక ముందే జనం మనసులో తాండ్ర పాపారాయుడి డైలాగులు మొదలవుతాయి. ఇంకా పాట కట్టని సంగతి తీసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి, పనస, తాతల నాటి చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. వెనకే వంశధార నది పొంగింది. ముందురోజు సాయంత్రం గాలి, అర్ధరాత్రి హోరు, తెల్లారేసరికి చెట్లు లేని ఆకాశం, తర్వాత మళ్ళీ మొక్క నాటడం: నాలుగు భాగాల ఆల్బంకు సరిపడా విషయం ఉంది. మాటల్లో చెబితే అది పత్రికా వార్త అయిపోతుంది. తీగ మీద చెబితే ఆ రాత్రి మెలకువగా ఉన్నవాళ్ళు గుర్తుపడతారు. గాలి హోరును అచ్చంగా అనుకరించి సరిపెట్టుకోకండి, ఆ హోరు వింటూ తలుపు పట్టుకు కూర్చున్న మనిషిని కూడా అందులో పెట్టండి.

అందులో ఒక్క భాగానికైనా గొల్లపల్లిలో చేసిన వీణ మీద వాయించేవాళ్ళను పిలవండి. గిటారుకు ఆంప్లిఫయరు కొనే డబ్బుతో మంచి వీణ కొనలేరు గానీ, వాయించేవాళ్ళను పిలవడానికి డబ్బు అక్కరలేదు, విజయనగరం సంగీత కళాశాల ఎంతో దూరం లేదు. ఇక శ్రోతలకు నా మనవి ఒక్కటే. ఈ పిల్లల్లో ఎవరైనా అలాంటిదొకటి చేసి మీ ముందు వాయిస్తే, ఏ పాట అని అడక్కండి. పేరు అడిగి, చివరిదాకా కూర్చుని వినండి.